రాజమల్లు కాక ఎడమకాలు

మా రాజమల్లు కాకకు తాగుడు లేదు, పేకాట లేదు, ఒకరితో తగవు లేదు. ఉన్నదల్లా ఒక్కటే అలవాటు. ఎవరు కనబడ్డా ఎడమకాలు చూపించేవాడు. పంచె మోకాలిదాకా ఎత్తి, కాలు ముందుకు చాపి, "చూడు, ఏమన్న ఉన్నదా?" అని అడిగేవాడు. ఏమీ లేదని మనం చెప్పాలి. చెబితే సంతోషపడేవాడు. చెప్పకపోతే చెప్పేదాకా కాలు దించేవాడు కాదు. మా కాశిబుగ్గలో ఆ కాలు చూడని మనిషి లేడంటే నమ్మండి. పాలాయన చూశాడు, పోస్ట్‌మన్ చూశాడు. ఒకసారి ఓట్లడగడానికి వచ్చిన ముగ్గురు అభ్యర్థులు కూడా ఒకరి తర్వాత ఒకరు చూసి, దండం పెట్టి పోయారు.

నేను మొదటిసారి చూసింది డెబ్బై ఆరులో. హన్మకొండ చౌరస్తా దగ్గర టైపు ఇన్‌స్టిట్యూట్‌లో అప్పుడు నేను నేర్పేదాన్ని. కాక మా పక్కింటాయన. మిలిటరీలో లారీ డ్రైవరుగా చేసి కొత్తగా ఇంటికొచ్చాడు. ఒకరోజు పొద్దున్నే చంకలో ఫైలుతో లోపలికి వచ్చి, ముందూ వెనకా చూడకుండా నా ముందున్న స్టూలు మీద ఎడమకాలు పెట్టాడు. లోయర్ పరీక్షకు టైపు కొడుతున్న ఆడపిల్లలు పదిమందీ చేతులు ఆపేశారు.

"సుగుణా, బిడ్డా, ఈ కాలుకు గోలి తాకిందా?"

"లేదు కాకా."

"మంచిగ చూసి చెప్పు."

"మంచిగనే చూసిన. జర కాలు దించు, పిల్లలు నవ్వుతాండ్రు."

"నవ్వనీ. సాక్షులు ఎంతమంది ఉంటె అంత మంచిది. మరి గీ బుక్కుల ఏం రాసిండ్రో నువ్వే చదువు."

అది ఆయన డిశ్చార్జి బుక్కు. డెబ్బై ఒకటి డిసెంబరు యుద్ధంలో ఎడమ మోకాలి కింద తుపాకీ గుండు తగిలి గాయమైందని అందులో నల్లసిరాతో రాసి, ముద్ర కూడా వేశారు.

"ఆ యుద్ధంల నా మీద పడ్డది ఒక్క ఉల్లిగడ్డల బస్తా," అన్నాడు కాక. "అది సుత భుజం మీద. గీ గాయం కొట్టెయ్యమని ఆఫీసుకు రాయాలె. టైపు కొట్టు."

ఉన్న గాయం రాయలేదని కాళ్లరిగేలా తిరిగేవాళ్లను నేను చూశాను. లేని గాయం కొట్టేయమని తిరిగేవాణ్ని చూడటం అదే మొదలు. పైగా అది ఊరికే పోయే గాయం కాదు. కాక ఒక్క సంతకం పెడితే గాయం పింఛను నెలనెలా ఇంటికి నడిచొస్తుంది. కొట్టేయిస్తే ఇక ఎన్నటికీ రాదు.

"మరి ఎందుకు కాకా, వచ్చేదాన్ని కాలదన్నుడు?"

"తప్పు తప్పే బిడ్డా," అన్నాడు. తొమ్మిదేళ్లలో నేను ఎన్నిసార్లు అడిగినా ఆ ఒక్క ముక్కే జవాబు.

ఆయన భార్య సమ్మమ్మ చిన్నమ్మకు ఈ సంగతి తెలిసిన రోజు మా వాడకంతా తెలిసింది. ఆమె గొంతు అలాంటిది.

"ఊరంత లేనిది రాయించుకోను సస్తాండ్రు! ఈయన రాసింది కొట్టేయించుకోను సస్తాండు! ఓ సుగుణా, నువ్వన్న చెప్పరాదే!"

"చెప్పిన చిన్నమ్మా. తప్పు తప్పే అంటాండు."

"గంటె కాల్చి ఆ ఎడమకాలు మీద ఒక్క వాత పెడ్త. అప్పుడు తప్పు ఒప్పైతది!"

చిన్నమ్మ అన్నంత పనీ చేసే మనిషి. ఆ తర్వాత ఆమె పొయ్యి దగ్గర గంటె పట్టుకుంటే చాలు, కాక వాకిట్లోకి వచ్చి నిలబడేవాడు. అన్నం కూడా గడప అవతల కూర్చుని, ఎడమకాలు వీధిలోకి చాపి తినేవాడు.

మొదటి ఉత్తరానికి జవాబు ఎనిమిది నెలలకు వచ్చింది. "మీ గాయం పూర్తిగా మానినందుకు సంతోషిస్తున్నాము" అని. రెండో ఉత్తరానికి, గాయం ఎలా తగిలిందో వివరంగా రాస్తే దాన్ని తొలగించే విషయం ఆలోచిస్తామన్నారు. మూడోదానికి, గాయం లేదని డాక్టరు సర్టిఫికెట్ పంపమన్నారు. కాక నన్ను వెంటబెట్టుకుని దవాఖానకు పోయాడు.

"ఏం తకలీఫ్?" అన్నాడు డాక్టరు.

"ఏం లేదు సార్."

"మరెందుకు వచ్చినవ్?"

"ఏం లేదని రాయించుకుందామని."

డాక్టరు నా వైపు చూశాడు. నేను గోడ మీది క్యాలెండరు వైపు చూశాను. కాక అప్పటికే బల్ల మీద కాలు పెట్టేశాడు.

"గాయం ఉంటె పొడుగెంత, లోతెంత అని రాస్త. లేనిదాన్ని ఎట్ల రాయాలె?"

"పొడుగు సున్న, లోతు సున్న అని రాయి సార్. ముద్ర మాత్రం గట్టిగ గుద్దు."

పాపం, ఆయన అలాగే రాసిచ్చాడు. ఆఫీసు దాన్ని ఒప్పుకోలేదు. మిలిటరీ డాక్టర్ల బోర్డు ముందు హాజరై కాలు చూపించాలి, పిలుపు వచ్చేదాకా ఆగాలి అన్నారు. ఆ పిలుపు ఎప్పుడొస్తుందో దేవుడికి కూడా తెలియదు. అంతవరకు ఆ కాలుకు చిన్న గీత పడకూడదు. పడితే ఇదిగో గాయం అంటారు, ఇన్నేళ్ల శ్రమ గంగలో కలుస్తుంది.

ఇక చూడండి ఆ కాలు వైభోగం! మే నెలలో కూడా మోకాలిదాకా ఉన్ని మేజోడు వేసి పడుకునేవాడు, దోమ కుడితే మచ్చ పడుతుందని. సైకిలు చైను గీసుకుంటుందని సైకిలు అమ్మేశాడు. ఎనుమాముల వైపు మిర్చి గోదాములో ఆయనకు వాచ్‌మన్ ఉద్యోగం. రెండు మైళ్లూ నడిచిపోయేవాడు, అదీ తుమ్మచెట్లు కుడివైపు ఉండేలా. అంటే పోయేటప్పుడు రోడ్డుకు ఒక పక్క, వచ్చేటప్పుడు ఇంకో పక్క.

ఒకరోజు గోదాము దగ్గర పిచ్చికుక్క వెంటపడింది. హమాలీలంతా బస్తాలెక్కారు. కాక ఎక్కలేకపోయాడు. అప్పుడాయన చేసిన పని చూసిన మొండయ్య అనే హమాలీ చచ్చేదాకా చెప్పుకున్నాడు. కాక ఎడమకాలు వెనక్కి దాచుకుని, కుడికాలు కుక్క నోటి ముందుకు చాపి, "ఇగో, ఇది కరువు! ఇది కరువు!" అన్నాడట. కుక్క కూడా మాట విన్నది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేశారు. నేను చూడటానికి పోతే మంచంలో లేచి కూర్చున్నాడు.

"నొప్పి ఉందా కాకా?"

"నొప్పికేంది బిడ్డా, ఉన్నది. ఎడమది మాత్రం సలామత్! చూస్తవా?"

"వద్దు కాకా," అన్నాను. చూపించాడు.

ఇంకోసారి మా వాడ బడిలో జనవరి ఇరవై ఆరున హెడ్మాస్టరు మల్లికార్జున్ గారు, యుద్ధంలో తూటా తగిలిన వీరుడు మన బస్తీలోనే ఉన్నాడని ఎవరో చెబితే, కాకను పిలిచి శాలువా కప్పారు. ఆ కాలు గురించి పావుగంట మాట్లాడి కళ్లు కూడా తుడుచుకున్నారు. కాక మైకు దగ్గరికొచ్చి, శాలువా మడిచి కుర్చీ మీద పెట్టి, పంచె ఎత్తాడు.

"పిల్లలూ, మంచిగ చూడుండ్రి. ఏం లేదు. సారు చెప్పింది తప్పు. ఎనుకున్నోళ్లు ముంగటికి రాండ్రి."

నాలుగు వందల మంది పిల్లలు వరుసలు తెంపుకుని వేదిక మీద పడ్డారు. మిఠాయి పంచడం గంట ఆలస్యమైంది. మల్లికార్జున్ గారు ఆ తర్వాత ఏడాదిపాటు మా వీధిలో నడవలేదు.

నలభై మూడో ఉత్తరం తర్వాత, ఎనభై అయిదులో, బోర్డు పిలుపు వచ్చింది. ఫైలు మోయడానికి నేను, తిట్టడానికి చిన్నమ్మ, ముగ్గురం సికింద్రాబాద్ పోయాం. రైల్లో కాక కాలిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మీదికెవరైనా పెట్టె ఎత్తితే గుండె పట్టుకునేవాడు.

బోర్డులో పెద్ద డాక్టరు నెరిసిన మీసాలాయన. భూతద్దం పెట్టి ఆ కాలును కిందినుంచి మీదిదాకా వెతికాడు. ఇంత నున్నని కాలు పటాలంలో చూడలేదన్నాడు. తర్వాత అద్దం పక్కనపెట్టి హిందీలో అడిగాడు, ఇది కొట్టేస్తే నీకు రావలసిన పింఛను పోతుంది, తెలుసా అని.

"తెలుసు సాబ్."

"మరి తొమ్మిదేళ్లు ఎందుకు తిరిగినట్టు?"

తప్పు తప్పే అంటాడని నేనూ చిన్నమ్మా ఎదురుచూశాం. కాక అనలేదు. మా వైపు తిరిగి, "మీరిద్దరు జర బయట నిలబడుండ్రి," అన్నాడు. పది నిమిషాలు లోపల ఏం మాట్లాడాడో మాకు తెలియదు. బయటికొచ్చాక చిన్నమ్మ దారిపొడుగునా అడిగింది. కాక కిటికీలోంచి చెట్లు చూస్తూ వచ్చాడు.

నాలుగు నెలలకు రిజిస్టరు ఉత్తరం వచ్చింది. నేను మొదటి ముక్క చదివాను, గాయం తొలగించబడింది అని. కాక నా చేతిలోంచి కాగితం గుంజుకుని వీధిలోకి పరుగెత్తాడు. గాయం పోయినందుకు వాడంతా బూందీ పంచిన మనిషి భూమ్మీద ఆయనొక్కడే ఉంటాడు. చిన్నమ్మ మాత్రం కొంగు ముఖం మీద వేసుకుని గోడకు తిరిగి కూర్చుంది.

మూడోరోజు ఆదివారం. నేను వాళ్లింట్లోనే ఉన్నాను. నెక్కొండ ప్యాసింజరు దిగి ఒకాయన వచ్చాడు. బక్కమనిషి, కర్ర పొడుచుకుంటూ ఎడమకాలు ఈడ్చుకుంటూ వచ్చి, గడపలోనే నిలబడి కర్ర కాక వైపు చాపాడు.

"ఏందిర రాజమల్లు! నీకు ఏం చెప్పిన నేను? నా గురించి తిరగకు, తిరిగితే నా గడప తొక్కకు అని ఒట్టు పెట్టిన్నా లేదా?"

"నీ పేరు నేనెక్కడ ఎత్తిన సిద్దిరాములు? నా కాలు గురించి తిరిగిన. నా కాలు, నా ఇష్టం."

"మరి గీ కాగితమేంది?" అని ఆయన జేబులోంచి ఇంకో రిజిస్టరు ఉత్తరం తీశాడు. గొంతు విని కోపమనుకున్నాను. కళ్లు చూస్తే కోపం కాదు.

చిన్నమ్మ లేచి వచ్చింది. "ఎవరన్నా నువ్వు? ఏం సంగతి?"

"సంగతేంది చెల్లె, గోలి తాకింది నాకు," అన్నాడు సిద్దిరాములు. "సోయి తెలివి లేకుండ ఈయన లారీల పడున్న. గజగజ వణుకుతాన్నని ఈయన తన ఉన్నికోటు విప్పి నాకు కప్పిండు. కోటు జేబుల ఈయన పే బుక్కు, జీతం లెక్కలది. దవాఖానోళ్లు ఆ బుక్కు చూసి గాయం ఈయన పేరు మీద రాసి పంపిండ్రు. నాకు సోయి వచ్చినంక పేరు చెప్తే, దవాఖానల పడున్న పదిహేడు దినాలు నా పేరు మీద జ్వరమని రాసిండ్రు. నాది మగ్గం నేసే ఇల్లు. మగ్గం తొక్కాలంటె రెండు కాళ్లు కావాలె. పింఛను అడుగుదామని పోతె, ఆ గోలి లెక్క ఇంకో మనిషి కాలుల ఉన్నది, ఒక గోలి ఇద్దరి బుక్కుల ఉండదన్నరు."

"మరి మా ఆయనతోని చెప్పకపోయినవా?"

"చెప్పిన. కొట్టేయిస్త అన్నడు. నా కోసం నీ పింఛను పోగొట్టుకోకు, ఇద్దరిల ఒకడన్న తిననీ అన్న. గందుకే ఒట్టు పెట్టిన."

తొమ్మిదేళ్లు ఆయన కాలు చూసి నవ్వుకున్నదాన్ని నేను. నాకు సిగ్గేసింది, ఆ ముసలాయన మీద చెప్పలేనంత ప్రేమ కూడా కలిగింది. చిన్నమ్మ మొగుడి మీదికి పోయింది.

"తొమ్మిదేండ్లు! నాకు సుత చెప్పకపోతివి గదా!"

"చెప్తె ఊకుంటవా?"

"ఎందుకు ఊకుంట? నేనే ఆ ఆఫీసుకు పోయి ఒక్కొక్కని కాగితాలు దులుపుదును. తొమ్మిది దినాలల్ల అయిపోవు పని!" అని, అదే గొంతుతో సిద్దిరాములు వైపు తిరిగింది. "నువ్వేందన్నా గడపల నిలబడ్డవు? లోపటికి రా. కూసో. అన్నం తినకుండ పోయినవంటె రెండో కాలు సుత ఉండదు."

అన్నాలయ్యాక ఇద్దరి ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి పూర్తిగా చదవమన్నారు నన్ను. సిద్దిరాములుది సరిగ్గా ఉంది. గాయం రాశారు, పింఛను మంజూరు చేశారు. కాకది రెండో పేరా చదివి ఆగిపోయాను. గాయాన్ని కొట్టేసి, ఆ జాగాలో పదిహేడు రోజుల జ్వరం రాశారు. ఆఫీసువాళ్లు ఒకరిది తీసి ఇంకొకరికి తగిలించారు.

"కాకా, నీకు జ్వరం వచ్చిందా అప్పుడు?"

"నాకా? పుట్టినసంది రాలే."

"అయితే మల్ల తప్పు రాసిండ్రు," అని నేను కలం తీశాను. తొమ్మిదేళ్ల అలవాటు మరి. "మల్ల రాయాలె. నలభై నాలుగోది. తప్పు తప్పే గదా?"

కాక సిద్దిరాములుకు ఇంత ఆకు, వక్క ఇచ్చి, తనూ నోట్లో వేసుకుని తీరుబడిగా నమిలాడు.

"ఉండనీ బిడ్డా," అన్నాడు. "జ్వరమే గదా. నాకుంటె ఎవనికి నష్టం?"

ఆ జ్వరం ఇప్పటికీ ఆయన బుక్కులో అలాగే ఉంది.