తాళం లేని ఫోను

లువేని నేసే మొగలాకు చాపలకు టోంగా దేశపు హాపై దీవుల్లో మంచి పేరుంది. పెళ్ళికైనా చావుకైనా నడుముకు చుట్టుకునే సన్న చాప కావాలంటే పంగాయి పట్నం వాళ్ళు కూడా ఆమెకే కబురు పెట్టేవారు. యాభై రెండేళ్ళ మనిషి, మితభాషి. ఆ లోటంతా ఆమె భర్త పౌలియాసి తీర్చేవాడు. పడవలో ఒక్కడే చేపలకు పోయినా అలలతో కబుర్లాడుతుంటాడని దీవిలో అందరూ వేళాకోళం చేసేవారు.

వాళ్ళ పాత ఫోను కాస్తా సముద్రంలో పడిపోయింది. ఇద్దరూ ఫెర్రీ ఎక్కి పంగాయి వెళ్ళారు. దుకాణంలో లావీనియా అనే అమ్మాయి రెండు ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. ఒకటి కొత్తది, తళతళలాడుతోంది. కాకపోతే దానికి కంపెనీ తాళం ఉంది, ఆ కంపెనీ సిమ్ము తప్ప ఇంకోటి పనిచేయదు. రెండోది ఎవరో వాడి ఇచ్చిన మొద్దు ఫోను. తాళం లేదు, ఎవరి సిమ్మైనా తీసుకుంటుంది, ఒకేసారి రెండు పడతాయి. మెరిసేది దానికంటే ముప్ఫై పాంగాలు తక్కువే.

“మన దీవిలో ఉన్నదే ఆ ఒక్క కంపెనీ టవరు. రెండో సిమ్ము ఎందుకు, చేపకి ఎరేయడానికా?” అన్నాడు పౌలియాసి. అప్పటికే మెరుపు ఫోను అతని చేతిలో ఉంది.

లువేనికీ ఆ మాట సబబుగానే తోచింది. డబ్బు తీయబోయింది. లావీనియా లోపలి గదివైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

“అత్తా, ఇది అమ్మితేనే నాకు నాలుగు డబ్బులొస్తాయి. అయినా చెప్తున్నా. మామ చేపలకి ఎటు పోతాడు?”

“చేపలు ఎటుంటే అటు,” అన్నాడతను.

“మీ దీవి దాటితే ఈ కంపెనీ సిగ్నలుండదు మామా. పడమటి దీవుల్లో ఉన్నదంతా రెండో కంపెనీదే. అక్కడ ఇది మొహం చూసుకోవడానికే పనికొస్తుంది.”

లువేని భర్త చేతిలోంచి ఫోను తీసి బల్ల మీద పెట్టేసింది. మొద్దు ఫోనూ రెండు సిమ్ములూ కొంది. పౌలియాసి మూతి ముడుచుకున్నాడు. పెళ్ళాం తనకు ఇటుకరాయి కొనిపెట్టిందని ఫెర్రీలో కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు.

నాలుగు నెలలు గడిచాయి. ఆగస్టులో ఒక బుధవారం ఉదయం, పౌలియాసి వల సర్దుకుంటూ ఏదో పాత ముచ్చట ఎత్తుకున్నాడు. లువేని అల్లికలో తలమునకలై ఉంది. “నీ కబుర్లకి నా వేళ్ళు తప్పుతున్నాయి, ఇక చాలించు,” అని విసుక్కుంది. అతను నవ్వి, ఫోను జేబులో వేసుకుని, తూర్పు వైపు పోతానని చెప్పి వెళ్ళాడు.

సాయంత్రానికి అందరి పడవలూ తిరిగొచ్చాయి. అతనిది రాలేదు. ఫోను చేసినా కలవలేదు. తెల్లారగానే రెండు పడవలు తూర్పుకు వెతకబోయాయి. ఆడవాళ్ళు వచ్చి లువేని పక్కన కూర్చున్నారు. ఆమె ఏడవలేదు. చేమదుంపలు ఒలిచినవే మళ్ళీ కడుగుతూ, తాను ఆఖరున అన్న ఆ మాటనే తలచుకుని కుమిలిపోయింది.

ఎనిమిదింటికి పాస్టరుగారి భార్య మెలియామే తన ఫోను చేతపట్టుకుని పరుగెత్తుకొచ్చింది. “మీ ఆయనే,” అంటూ లువేని చెవికి ఆనించింది.

“లువేనీ, తూర్పున ఏమీ పడక ఇటొచ్చానే. ఇంజను చచ్చింది, గాలి తోసుకుపోయింది. మన సిగ్నలు నిన్ననే పోయింది. ఇప్పుడు పడమటి దీవి కొండ కనబడుతోంది, రెండో సిమ్ముకి గీతలొచ్చాయి. వింటున్నావా?”

“వింటున్నా. చెప్పు,” అంది లువేని. “ఇంకా చెప్పు.”

పక్కనే ఉన్న మెలియామే, ముందు ఎక్కడున్నాడో అడగమని మందలించింది. అతను కొండ ఆనవాళ్ళు చెప్పాడు. ఒడ్డునున్న పడవలు అటు బయల్దేరాయి. మధ్యాహ్నం దాటాక, పెదాలు పగిలి, వీపు ఎండకు కమిలి పౌలియాసి ఒడ్డుకు చేరాడు. కొబ్బరిపాలలో ఉడికిన చేమాకు తింటూ కూడా అతని నోరు ఆగలేదు. లువేని అల్లిక ముట్టకుండా ఎదురుగా కూర్చుని, అతను మాట మధ్యలో నిద్రలోకి జారుకునేదాకా విన్నది.

ఆ తర్వాత రెండు నెలలు ఒకే చాప నేస్తూ కూర్చుంది. తన చేతి మీద అంత సన్నటి అల్లిక అంతకుముందు రాలేదు. అది చంకన పెట్టుకుని ఒక్కతే పంగాయి వెళ్ళింది.

లావీనియా ఆమెను గుర్తుపట్టలేదు. లువేనికి మొదట చిన్నబోయినట్టయింది. నిలబడే జరిగినదంతా చెప్పింది. తన జీవితంలో అంతసేపు ఎప్పుడూ మాట్లాడి ఉండదు.

“ఆ మాట నేను అందరికీ చెప్తాను అత్తా,” అంది లావీనియా మెల్లగా. “ఓనరు తిడతాడు కూడా. కొనేవాళ్ళు మాత్రం మెరిసేదే పట్టుకుపోతారు. ఇలా ఎవరైనా వచ్చి చెబుతారని అనుకోలేదు.”

లువేని చాప విప్పి ఆ పిల్ల నడుముకు తనే చుట్టింది. లావీనియా అల్లికను వేళ్ళతో తడిమి, ఇంత పెద్ద కానుక తను తీసుకోలేనంటూ కళ్ళు తుడుచుకుంది.

“మీ అమ్మ ఎక్కడుంటుంది?” అడిగింది లువేని.

“ఎయువా దీవిలో.”

“ఫోను చెయ్యి. ఆమెతో కూడా ఒక మాట చెప్పాలి నేను.”