కుళ్ళు బాబాయి, కన్నుకొట్టే రోబో

కుళ్ళు బాబాయి కడుపుమంటకు మందు లేదు. ఎదుటివాడి దగ్గర ఏది కనబడినా ఆయన ఓర్వలేడు. మేడలూ కార్లూ చూసి ఏడ్చేవాళ్ళు లోకంలో బోలెడుమంది ఉన్నారు. బాబాయిది ఆ నాసిరకం ఏడుపు కాదు. పక్కింటాయనకు జలుబు చేస్తే, "అబ్బ, ఎంత నిండుగా తుమ్ముతున్నాడండీ! నేనూ తుమ్ముతాను, ఎందుకూ? పిల్లికూన తుమ్మినట్టుంటుంది" అని కుమిలిపోయేవాడు. బస్సులో కిటికీకి తల ఆనించి నిద్రపోయేవాణ్ణి చూస్తే, ఆ నిద్ర తనకెందుకు రాదా అని దిగేదాకా నొచ్చుకునేవాడు. బ్యాంకులో ఆయనకంటే పెద్ద కుళ్ళుబోతు ఒకడున్నాడని ఎవరో చెబితే ఆ పూట అన్నం సయించలేదు.

ఇలా కళ్ళలో నిప్పులు పోసుకునే మనిషికి దేవుడు ఏరి కోరి కంటాసుపత్రిలో ఉద్యోగం ఇచ్చాడు. ముందు హాల్లో బల్ల వెనక కూర్చుని, వచ్చినవాళ్ళ పేర్లు అడిగి, ఏ గదికి వెళ్ళాలో చెప్పడం ఆయన పని. అక్కడా అదే వరస. సోడాబుడ్డి కళ్ళద్దాల అమ్మాయి వస్తే, "ఏం అద్దాలమ్మా అవి! ప్రొఫెసరులా ఉన్నావు. నేను పెట్టుకుంటే గుడ్లగూబే" అనేవాడు. చూపు లేని ముసలాయన నోరు విప్పితే, "గొంతంటే అదీ! అందులో సగం నాకుంటే మా ఆవిడ నా మాట వినేది" అని నిట్టూర్చేవాడు.

"నీ కుళ్ళు తగలెయ్య! పేషెంట్లనైనా వదలవా బాబాయ్?" అని పెద్ద నర్సు కసిరేది.

అలాంటి బాబాయి బల్ల పక్కకే ఒకరోజు రోబోను తెచ్చి నిలబెట్టారు. నడుమెత్తు ఆకారం, తెల్లటి ఒళ్ళు, గుమ్మడికాయంత తల, కళ్ళున్నచోట రెండు నీలం దీపాలు. వచ్చినవాళ్ళ ముఖం చూసి, మనసులో ఏముందో పసిగట్టి, అందుకు తగ్గట్టు మాట్లాడుతుందని తెచ్చినవాళ్ళు చెప్పారు.

మొదట వచ్చింది ఒక బామ్మ. ఆపరేషనయి ఒక కంటికి కట్టు ఉంది. రోబో ఆవిడ ముఖంలోకి తేరిపార చూసింది.

"మీరు నాకు కన్ను కొట్టారు. చాలా సంతోషం" అని, తన దీపాల్లో ఒకటి ఆర్పి వెలిగించింది.

హాలంతా బిగుసుకుపోయింది. బామ్మ ఒక్క క్షణం నోరు తెరిచి, తర్వాత గలగలా నవ్వేసింది. "ఓరి నీ అసాధ్యం కూలా! ఈ వయసులో నాకు కన్ను కొట్టేవాడు దొరికాడర్రా!" అంటూ దాని చెంప పుణికింది. ఇంటికి వెళ్ళబోతూ గుమ్మం దాకా వెళ్ళి, ఇంకోసారి కన్ను కొట్టించుకోవడానికి వెనక్కి వచ్చింది.

చంకలో హెల్మెట్‌తో వచ్చినాయనతో, "పాప నిద్రపోతోంది. మెల్లగా మాట్లాడతాను" అంది రోబో. ఆయన కాసేపు ఆ హెల్మెట్‌ను జోకొట్టి మరీ లోపలికి వెళ్ళాడు. సాయంత్రానికి దానికి బుజ్జిగాడు అని పేరు పడింది. పని లేనివాళ్ళు కూడా, వాడేం తప్పు మాట్లాడతాడో విందామని ఆగిపోతున్నారు.

బాబాయికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"చూశావా అమ్మాయ్? తప్పు చేస్తే ముద్దులు!" అన్నాడు పెద్ద నర్సుతో.

"పోన్లే బాబాయ్, అది యంత్రం."

"నేను మనిషినై చెడ్డానా? మొన్న ఒకాయనకు ఎడమ పక్క గది అనబోయి కుడి పక్క అన్నాను. 'కళ్ళు కనిపించడం లేదా' అని అరిచాడు. కంటాసుపత్రిలో, నన్ను! ఒక్కడైనా నా చెంప పుణికాడా?"

ఇంటికి వెళ్ళినా అదే గోడు. భార్య విని విని విసిగిపోయింది. "అంత ఏడుపెందుకూ? మీరూ నాలుగు తప్పులు చేసి చూడండి. ఇంట్లో బాగానే చేస్తారుగా" అంది.

ఆవిడ ఎగతాళికి అన్నది. బాబాయి నిజమనుకున్నాడు. మర్నాడు కంటికి కట్టుతో ఒకావిడ లోపలికి రాగానే, గుండె చిక్కబట్టుకుని కన్ను కొట్టాడు. ఆవిడ వెనకే వస్తాదులాంటి మొగుడు వస్తున్న సంగతి ఆయన చూసుకోలేదు. మరుక్షణం కాలరు ఆ వస్తాదు గుప్పిట్లో ఉంది.

"ఏమయ్యా, తల నెరిశాక ఇదేం బుద్ధి?"

"తప్పయిపోయింది బాబూ! తప్పు చెయ్యాలనే చేశాను!"

"అంటే కావాలనే చేశావా?" కాలరు ఇంకాస్త బిగిసింది.

అంతలో రోబో జరజరా జరుగుతూ వచ్చి ఇద్దరినీ చూసింది. "పాత స్నేహితులు కలుసుకున్నారు. కౌగిలింత ఎంతో బాగుంది" అంది. వస్తాదుకు నవ్వాగలేదు. కాలరు వదిలేసి, బుజ్జిగాడి తల నిమిరి వెళ్ళిపోయాడు. తన్నులు తప్పినందుకు బాబాయికి ఆనందం కలగలేదు. తప్పించింది వాడైనందుకు రెండింతలు మండింది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం డాక్టరు గదిలోంచి ఒకావిడ బయటికి వచ్చింది. పక్క వీధిలో బట్టలు కుట్టి బతికే మనిషి. కుడికంటికి చూపు ఇక రాదని అప్పుడే చెప్పారు. పెదవి బిగబట్టుకుని, ఎవరి కంటా పడకుండా గోడవారగా వెళ్ళిపోదామనుకుంది. కానీ చెంపల మీద నీళ్ళు ఆగలేదు. రోబో వాటిని చూసింది.

"ఆనందబాష్పాలు! అభినందనలు!" అని, టింగుటింగుమంటూ పాట మొదలెట్టింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. "ఛీ! దీని గొంతు నొక్కండయ్యా!" అని ఒకరు, "ఎత్తి అవతల పారెయ్యండి" అని ఇంకొకరు లేచారు. నిన్నటిదాకా ముద్దు చేసిన హెల్మెట్ ఆయనే దాన్ని తన్నబోయాడు. అందరి చూపులూ రోబో మీంచి ఆవిడ మీదికి, ఆవిడ మీంచి రోబో మీదికి తిరుగుతున్నాయి. ఆవిడ ముఖం దాచుకోవడానికి చోటు లేక కొంగు అడ్డం పెట్టుకుంది.

బాబాయి ఎన్నాళ్ళుగానో కోరుకున్న రోజు అది. నోరు మూసుకుని కూర్చుంటే చాలు, సాయంత్రానికి బుజ్జిగాడు చెత్త గదిలో ఉంటాడు. బాబాయి బల్ల మీద చెయ్యి చరిచి లేచాడు.

"ఏరా! వచ్చిన దగ్గర్నుంచీ నీ పక్కనే కూర్చుని ఛస్తున్నాను. నాకు ఒక్కనాడైనా పాట వేశావా?"

పాట ఆగింది. "మీ పుట్టినరోజా?" అంది రోబో.

"కాదురా!"

"పెళ్ళిరోజా?"

"ఆ రోజు పాటలేమిట్రా, ఏడుపులే!"

హాలంతా ఘొల్లుమంది. అందరూ ఇటు తిరిగి, మనిషికీ యంత్రానికీ జరుగుతున్న జగడం చూస్తూ నిలబడ్డారు. ఆవిడను చూసేవాడు ఒక్కడూ లేడు. ఆ సందులో పెద్ద నర్సు ఆవిడను మూల బెంచీ మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది.

గొడవ చల్లారాక బాబాయి వెళ్ళి పక్కన కూర్చున్నాడు. ఆవిడే అంది, "ఒక కన్ను పోయినట్టే బాబాయ్. ఇక సూదిలో దారమేం ఎక్కిస్తాను? కుట్టేం కుడతాను?"

బాబాయి తన చొక్కా గుండీ పట్టుకుని మెల్లగా లాగాడు. రాలేదు. ఇంటావిడ కుట్టు గట్టిది. ఇంకాస్త బలంగా లాగాడు. దారంతో సహా ఊడి చేతిలోకి వచ్చింది.

"నీ రవిక అంచు చూస్తున్నానమ్మా. నువ్వే కుట్టావు కదూ? కడుపు మండిపోతోంది. రెండు కళ్ళు పెట్టుకుని నేను కుట్టిన గుండీ చూడు, పట్టుకుంటే ఊడింది!"

ఆవిడ ముక్కు తుడుచుకుని చొక్కా అంచు పట్టి చూసింది. సంచీలోంచి సూదీ దారం తీసింది. మొదటిసారి దారం పక్కకు పోయింది. రెండోసారీ పోయింది. మూడోసారి ఎక్కింది. ఆవిడ కాసేపు ఆ సూదినే చూస్తూ ఉండిపోయింది. తర్వాత, "కదలకండి, గుచ్చుకుంటుంది" అని బాబాయిని గద్దించి, కుట్టడం మొదలెట్టింది.

రోబో వచ్చి, బాబాయి గుండెల దగ్గర సూది చూసింది. "ఆపరేషన్ జరుగుతోంది. నిశ్శబ్దం పాటించండి" అంది. అందరికంటే ముందు నవ్వింది ఆవిడే.

ఆవిడ వెళ్ళాక పెద్ద నర్సు వచ్చింది. "బాబాయ్, ఇన్నాళ్ళూ నువ్వు నిజంగా కుళ్ళుకుంటున్నావనుకున్నాను."

"కుళ్ళుకోకేం! ఇంత పాటు నేను పడితే, ఆఖర్న నవ్వించిన పేరు వాడికి పోయింది."

సాయంత్రం ఇంట్లో చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. భార్య దగ్గరికి వచ్చి చూసి ఆగిపోయింది.

"ఈ గుండీ కుట్టు నాది కాదే."

"కాదు."

"ఎవరు కుట్టారు?"

"ఒకావిడ."

"ఏ ఒకావిడ?" గుండీని ఇటు తిప్పి అటు తిప్పి చూసింది. "నాకంటే సన్నగా కుట్టిందే! నా కుట్టుకేమొచ్చిందట?"

ఒకరు తన చొక్కా చూసి కుళ్ళుకోవడం బాబాయి పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. జరిగిందంతా చెబుదామని నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. కుర్చీలో వెనక్కి వాలి, కాళ్ళు చాపుకున్నాడు.

"ఏదీ, ఇంకోసారి అడుగు" అన్నాడు.