శ్రీహరిరావు సారు రాయించిన ఇల్లు

శ్రీహరిరావు సారు గొంతు గురించి చెబితే మీరు నమ్మరు, అయినా చెబుతాను. ఆయన గౌలిపుర బడిలో ఏడో తరగతికి పద్యం అప్పజెప్పిస్తుంటే, అఫ్జల్‌గంజ్‌లో బస్సెక్కబోతున్న పెద్దమనిషి ఒకాయన ఫుట్‌బోర్డు మీద నిలబడే తర్వాతి పాదం అందుకున్నాడు. బడి వెనక కొట్టంలో ఎవరికీ పాలు చేపని మొండి బర్రె ఒకటి ఆ గొంతు విని బకెట్ నింపింది. రెండూ నేను కళ్లారా చూశాను. ఏడో తరగతి అందరూ ఒకసారి చదివి వెళ్లిపోతారు. నేను అంత తొందరపడే రకం కాదు. మళ్లీ మళ్లీ చదివి, ఆ క్లాసులో నాకు తెలియని గోడ పగులు లేదన్నాక, ఇక బడికి నాతో పనిలేదని మానేశాను. ఆ రోజు లెక్కల సారు కళ్లు తుడుచుకున్నారు. సంతోషంతో అని కొందరంటారు, వాళ్లకు కుళ్లు.

తర్వాత ఆటో పట్టాను. చార్మినార్ దగ్గర ట్రాఫిక్ నన్ను చూసి పక్కకు జరిగేది. ఉదయం, సాయంత్రం అదే బడి పిల్లలను ఎక్కించుకునేవాడిని. అందుకే సారుకూ నాకూ మాట తెగలేదు. "రామ్‌చందరూ, నువ్వు చదువుకుని ఉంటే కలెక్టరయ్యేవాడివి" అనేవారు. అవును సార్, కలెక్టరైతే మిమ్మల్ని ఆటోలో ఎవరు తిప్పుతారు అనేవాడిని.

ఆయనది తెనాలి వైపు. తెలుగు పండితుడి ఉద్యోగం మీద పడుచు వయసులో ఇక్కడికొచ్చి, బడి పక్కనే ఒక షావుకారి ఇంట్లో వాటా అద్దెకు తీసుకున్నారు. ఆయన భార్య లీలమ్మగారు. పిల్లలు లేరు. మా భాష ఆయనకు ఎక్కలేదు, ఆయన భాష మాకు ఎక్కలేదు, అయినా తరగతులకు తరగతులు ఆయన చేతి మీదుగా గట్టెక్కాయి. ఆ బడి ఏడుతో ఆఖరు. ఏడో తరగతికి జిల్లా అంతటికీ ఒకే పరీక్ష. రాసేది వేరే బడిలో, పేపర్లు దిద్దేది ఇంకెక్కడో ముక్కూముఖం తెలియని పంతుళ్లు. అది పాసైతేనే హైస్కూలు. మా బస్తీలో పాల ఇళ్ల ఆడపిల్లలకు ఆ పరీక్ష ఒక గేటు. అవతలికి వెళితే ఇంకొంత చదువు, లేకపోతే పేడ తట్ట.

గేటు దాటించడానికి సారు కనిపెట్టిన పద్ధతి బట్టీ. సంక్రాంతి సెలవులు కాగానే పాఠాలు ఆగిపోయేవి. ఇంపార్టెంట్ ప్రశ్నలకు టిక్కులు పెట్టించి, జవాబులు తానే చెప్పి రాయించేవారు. క్లాస్ లీడర్ ఒక వాక్యం చదివితే మిగతావాళ్లు అందుకోవాలి. పిల్లలు పాలు పితుకుతూ అవే, క్యాన్లు కడుగుతూ అవే. సంతకంతో సహా బట్టీ పట్టిన ఒక పిల్లవాడు సెలవు చీటీ కింద సారు పేరే రాశాడు. ఇది అబద్ధం కాదు, ఎందుకంటే ఆ పిల్లవాణ్ణి నేనే.

వీటన్నిటిలో సారుకు ప్రాణం 'మా ఇల్లు' అనే వ్యాసం. ఇల్లు గురించి గానీ, ఊరు గురించి గానీ, కుటుంబం గురించి గానీ ఏది అడిగినా అదే తిప్పి రాయవచ్చు. మా ఇంటి వెనుక కాలువ పారుచుండును. గట్టున కొబ్బరి చెట్లు కలవు. సాయంకాలం మా తాతగారు అరుగుపై కూర్చుండి భాగవతము చదువుదురు. గౌలిపుర సందుల్లో కాలువ ఎక్కడిది? మురికి మోరీ ఉంది. అరుగు మీద తాత కూర్చుంటే కాళ్ల మీంచి స్కూటర్ వెళుతుంది. కానీ ఆ వ్యాసానికి ఏటా నిండుగా మార్కులు పడేవి, కాబట్టి కాలువ ఏటా పారేది.

తొంభై ఎనిమిదిలో నాగమణి ఏడో తరగతి. తండ్రి పోయాక బర్రెలను ఒక్కతే సాకుతున్న సత్తెమ్మ కూతురు. నా ఆటోలో ముందు సీటు పక్కన కూర్చుని, నేను కోసే కోతలన్నీ విని, చివర్లో ఒక్క ప్రశ్న వేసి గాలి తీసేసేది. అలాంటి పిల్ల. ప్రీ-ఫైనల్ పరీక్షలో ఆ పిల్ల 'మా ఇల్లు' తన సొంతంగా రాసింది. ఒక్కటే అర్ర, మధ్యలో తడక, తడకకు ఇవతల తాము, అవతల బర్రెలు. బర్రె నెమరు వేసే చప్పుడు వింటేనే తనకు నిద్ర వస్తుందట. వాన పడితే అమ్మ ముందు దూడను లోపలికి తెచ్చి, ఆ తర్వాత తనను లేపుతుందట.

సారు దాన్ని క్లాసులో పైకి చదివారు. పిల్లలు నవ్వారు, ఆయనా నవ్వారు. బాగానే రాశావమ్మాయ్, కానీ దిద్దేవాళ్లకు ఈ బర్రెలెందుకు అని ఎర్ర పెన్నుతో పై నుంచి కింది దాకా గీత కొట్టారు.

"మాకు తాత లేడు గద సార్," అంది నాగమణి.

"పరీక్షలో ఉంటారు," అన్నారు సారు.

ఈ మాట బస్తీ అంతా తిరిగింది. నేనే తిప్పాను. అప్పుడు అందరికీ నవ్వొచ్చింది.

పరీక్షలకు ముందు సత్తెమ్మ బడికి వచ్చింది. పాసైతే ఎనిమిదికి పంపుతానని, ఫెయిలైతే మళ్లీ తనను అడగవద్దని, ఒంటి చేత్తో కొట్టం నడవడం లేదని గేటు దగ్గరే నిలబడి చెప్పింది. నాగమణి గోడ చాటున ఉంది. సారు చెయ్యి గుండె మీద పెట్టుకుని, మీ అమ్మాయి పాసవుతుంది, ఆ పూచీ నాది అన్నారు.

"మీ జబాన్ మీద ఇడిచిపెడుతున్న సార్," అంది సత్తెమ్మ.

తెలుగు పరీక్ష రోజు పిల్లలందరూ నవ్వుతూ బయటికొచ్చారు. వచ్చింది 'మా ఇల్లే'. నాగమణి కూడా కాలువ, కొబ్బరి చెట్లు, తాతగారు, ఒక్క అక్షరం పోకుండా రాసింది. సారు అందరికీ గోలీ సోడా తాగించారు. ఆటో హ్యాండిల్ మీద చెయ్యి వేసి, ఈసారి జిల్లాలో మన బడి పేరు వినపడాలయ్యా అన్నారు.

వినపడింది. మే నెలలో అన్ని బళ్ల ఫలితాలూ వచ్చాయి, మా బడివి ఆపేశారు. మాస్ కాపీయింగ్ అన్నారు. సారు ముఖం చూడలేకపోయాను. ఆయన్ని జిల్లా విద్యాశాఖ ఆఫీసుకు నేనే తీసుకెళ్లాను. అధికారిణి పేరు విమలాదేవి, కళ్లద్దాల మనిషి, అరిచే రకం కాదు. తలుపు తెరిచే ఉంది కాబట్టి నేను బయట నిలబడి అంతా విన్నాను.

"మాస్టారూ, గౌలిపురలో కాలువ ఎక్కడుంది?" అని అడిగారామె. ఆమె పేపర్లు ఒక్కొక్కటే తిరగేస్తూ, అందరి ఇంటి వెనకా కాలువేనని, అందరి తాతగారూ భాగవతమే చదువుతున్నారని, ఇంతమంది పిల్లలు ఒకే ఇంట్లో ఎలా ఉంటున్నారని అడిగారు. ఆ స్థానంలో ఇంకెవరున్నా నేను పొట్ట పట్టుకుని నవ్వేవాణ్ణి.

"కాపీ కాదండీ. నేను చెప్పాను, వాళ్లు నేర్చుకున్నారు," అన్నారు సారు.

"మరి ఇది ఎవరి ఇల్లు?"

సారు పై పేపరు మీద వేలు పెట్టారు. "మాదండీ. నా చిన్నప్పటిది."

ఆమె పేపర్లు మూసేశారు. సోమవారం తానే బడికి వస్తానని, తన ఎదుట పిల్లలు సొంతంగా ఒక పేజీ రాసి చూపిస్తే ఫలితాలు వదిలేస్తానని చెప్పారు. అంతకంటే మంచి అధికారి దొరకదు. తిరుగుదారిలో సారు ఊపిరి పీల్చుకున్నారు. ఇందులో కష్టమేముందయ్యా, వాళ్ల ఇల్లు వాళ్లు రాయలేరా అన్నారు. ఆదివారం పిల్లలను పిలిపించి, రేపు మీ ఇల్లు మీరు రాయండి, ఉన్నది ఉన్నట్టు రాయండి అని చెప్పారు. లీడర్ సాయితేజ లేచి, ఏ ఇల్లు సార్, కాలువ ఉన్నదేనా అని అడిగాడు. సారు వాణ్ణి కూర్చోమన్నారు.

సోమవారం విమలాదేవిగారు కాగితాలు పంచి, 'మా ఇల్లు' అని బోర్డు మీద రాశారు. సారును బయట ఉండమన్నారు. ఆయనా నేనూ కిటికీ దగ్గర నిలబడ్డాం. పిల్లలు కాగితం వైపు చూశారు, బోర్డు వైపు చూశారు, తర్వాత అందరూ కిటికీ వైపు చూశారు. లీడర్ మొదటి వాక్యం అందిస్తాడని ఎదురుచూస్తున్నట్టుంది వాళ్ల వాలకం. కాసేపటికి ఒక్కొక్కరూ తలలు వంచారు. కాలువ మళ్లీ పారడం మొదలైంది.

"నాగమణి రాస్తుంది చూడు," అన్నారు సారు నా చెవిలో. "ఆ పిల్లకు వచ్చు."

నాగమణి గబగబా రాస్తోంది. సారు కిటికీ ఊచ పట్టుకుని మునివేళ్ల మీద లేచారు. సగం పేజీ అయ్యాక ఆ పిల్ల పెన్ను ఆపింది. రాసినదంతా ఒకసారి చదువుకుంది. తర్వాత తానే, పై నుంచి కింది దాకా, స్కేలు పెట్టి గీత కొట్టింది. కింద మొదలుపెట్టింది: మా ఇంటి వెనుక కాలువ పారుచుండును.

కాగితాలు తీసుకునేటప్పుడు విమలాదేవిగారు ఆ పేజీ దగ్గర ఆగారు. కొట్టేసిన దాన్ని నిలబడే చదివారు. ఇంత బాగుంటే ఎందుకు కొట్టేశావమ్మా అని అడిగారు.

"గదంత తప్పు మేడం," అంది నాగమణి. "సార్ కొట్టేసిండు గద."

ఆమె కిటికీ వైపు చూశారు. సారు అక్కడ లేరు. పంపు దగ్గర ముఖం కడుక్కుంటున్నారు, ఎంతసేపటికీ తెమలలేదు.

ఆమె కాపీ అని రాయలేదు. పిల్లలది నేరం కాదని రాసి, అందరూ జూన్‌లో తెలుగు పేపరు మళ్లీ రాయాలని తేల్చారు. అంతకు మించి ఆమె చేతిలోనూ లేదు. మగపిల్లలకు అది సెలవులు పాడవడం మాత్రమే. కానీ మేలో నాగమణి పాస్ కాలేదు, సత్తెమ్మ లెక్కలో అది ఫెయిలే. ఆమె అన్నమాట తప్పని మనిషి. అఫ్జల్‌గంజ్‌లో కొత్తగా రెండు హోటళ్లకు పాలు ఒప్పుకుంది, క్యాన్లు మోయడానికి కూతురిని పెట్టింది.

సారు వాళ్లింటికి వెళ్లారు. నేనూ వెంట ఉన్నాను. తప్పు నాది, అమ్మాయిది కాదు, జూన్‌లో ఒక్క పేపరు రాయనివ్వమ్మా అని బతిమాలారు. అంత పెద్ద గొంతు ఆ గుమ్మం దాటి లోపలికి వెళ్లలేకపోయింది. సత్తెమ్మ కోపంగా లేదు. కుర్చీ వేసి, చాయ్ ఇచ్చింది.

"మీది తప్పు గావొచ్చు సార్. నేను మిమ్ముల అంటలేను. గని ఒప్పుకున్న పాలు ఎవరు పోస్తరు?" అంది. కూతురి వైపు చూపించి, "అది పోతనంటే పోనీయ్. అడుగున్రి," అంది.

నాగమణి క్యాన్‌లో చెయ్యి పెట్టి తోముతోంది. సారు దగ్గరికి వెళ్లి, రాస్తావా అమ్మాయ్ అని అడిగారు.

"రాస్త సార్," అంది ఆ పిల్ల తల ఎత్తకుండా. "గీసారి ఏం రాయాల్నో చెప్పున్రి."

సారు ఏం రాసినా పరవాలేదనీ, నీది నువ్వే రాయమనీ చెప్పి ఉండొచ్చు. ఆదివారం చెప్పిందీ అదే కదా, అదేం పని చేసిందో ఆయన చూశారు. గ్లాసు కింద పెట్టి బయటికి వచ్చేశారు.

పరీక్ష రోజు ఆటో వాళ్ల సందు మొదట్లో ఆపించారు. లోపల పిల్లలు పక్కకు జరిగి ఒకరికి చోటు ఉంచారు. నేను హారన్ కొట్టాను. ఇంకోసారి కొట్టబోతే సారు చెయ్యి పట్టుకుని ఆపారు. సెంటర్‌లో గేటు మూసే వేళవుతోందని పిల్లలు గొణుగుతున్నా ఆయన సందులోకే చూస్తూ కూర్చున్నారు. చివరికి, పోనీ రామ్‌చందరూ అన్నారు. వచ్చినవాళ్లందరూ పాసయ్యారు.

ఆ తర్వాత ఆయన జవాబులు చెప్పి రాయించడం మానేశారు. మార్కులు పడిపోయాయి. తల్లిదండ్రులు లొల్లి చేశారు. బడివాళ్లు ఆయన దగ్గర ఏడో తరగతి తీసేసుకుని మూడో తరగతి ఇచ్చారు. ఆయన కాదనలేదు. బలపం పట్టిన చిన్నపిల్లల దగ్గర కూడా నెమ్మదిగా మాట్లాడేవారు. నేను ఎన్ని జోకులు వేసినా పైకి నవ్వేవారే తప్ప మునుపటిలా ఎదురు అంటించేవారు కాదు.

నాగమణికి హోటళ్లతో పాటు కొన్ని ఇళ్ల పాల వాడికలు కూడా అప్పగించింది తల్లి. అందులో సారు ఇల్లొకటి. లీలమ్మగారికి పొద్దున్నే మోకాళ్లు పట్టేస్తాయి కాబట్టి గిన్నె పట్టుకుని గుమ్మంలోకి సారే వెళ్లాలి. ఆ పిల్ల నమస్తే సార్ అనేది, పాలు కొలిచేది, వెళ్లిపోయేది. ఏళ్ల తరబడి అంతే. పరీక్ష ఊసు ఎత్తలేదు, ముఖం ముడుచుకోలేదు, కొసరు పోయడం కూడా మానలేదు.

రెండు వేల రెండులో ఆయన ఉన్నట్టుండి ఊరవతల జల్‌పల్లిలో చిన్న ప్లాటు కొని రెండు గదులు వేసుకున్నారు. రిటైర్మెంటుకు ఇంకా టైముంది, ఇక్కడైతే బడి నాలుగు అడుగుల్లో ఉంది, అక్కడి నుంచి రోజూ బస్సులో పడి రావాలి. ముసలితనంలో ఇదేం బుద్ధి అని అందరూ అన్నారు. సామాను ఎక్కించిన రోజు నేనూ వదలలేదు. షావుకారి ఇల్లు చల్లగా ఉంది, బడి పక్కనే, గుమ్మంలోకి చిక్కటి పాలు వస్తాయి, ఇవన్నీ వదిలి ఆ రాళ్లగుట్టల్లో ఏముందని పోతున్నరు సార్ అని అడిగాను.

సారు ఒడిలో పాల గిన్నె ఉంది, మిగతా సామాను వెనక ట్రాలీలో వస్తోంది.

"అక్కడ ప్యాకెట్ పాలయ్యా," అన్నారు. "దుకాణం వాడు గుమ్మం బయట పడేసి పోతాడు. తలుపు తీసి ఎవరి ముఖమూ చూడక్కర్లేదు."