గుడ్లు మానేసిన చేపలు

చేపల పరిశోధన కేంద్రంలో ఆవిడను అందరూ స్లైడులక్క అనేవారు. చేప తలలో, మెదడు కింద ఆవగింజంత పీయూషగ్రంథి ఉంటుంది. దాన్ని నలగకుండా తీసి, ఉల్లిపొర కంటే పల్చగా కోసి, రంగులద్ది స్లైడు మీద పరచడం ఆవిడ పని. పిల్లచేపలో గుడ్ల హార్మోను కణాలు ఒకటీ అరా కనిపించేవి. ఎదిగేకొద్దీ గుంపు కట్టేవి. గుడ్ల కాలంలో నిండుగా ఉబ్బి, గ్రంథి పెళ్ళివారిల్లులా ఉండేది. ఆ తర్వాత ఏమవుతాయో అక్కడెవరూ చూడలేదు. చూడాలని ఎవరికి పట్టింది గనక!

అక్కకు పట్టింది. గుడ్లు మానేసిన ముసలి చేపలు నాలుగింటిని మూలతొట్టిలో ఏళ్ళ తరబడి సాకింది. వాటి స్లైడులు చేస్తే పిల్లచేప నుంచి మొదలైన వరస పూర్తవుతుంది. పెద్దసారు మాత్రం "దండగ మేపు" అని సణిగేవాడు.

ఆవిడకూ ఆ వయసే వచ్చిపడింది. ఉన్నట్టుండి ఒళ్ళంతా ఆవిర్లు, చెమటలు, నిద్ర కరువు. చెబితే మొగుడు వెక్కిరించాడు. "నీకేమే, గుండ్రాయిలా ఉన్నావు. డాక్టరు దగ్గరికెళ్ళినా ఏం లేదనే అంటారు, చూడు."

గ్రంథులు తీయాలనుకున్న రోజునే డాక్టరు రమ్మంది. తొట్లు కడిగే పెద్దాయనకు అప్పగింతలు పెట్టింది. "బాబాయ్, నేనొచ్చేదాకా వాటి జోలికి ఎవర్నీ రానీకు."

డాక్టరమ్మ తలెత్తకుండానే "ఈ వయసులో మామూలేనమ్మా" అని పంపేసింది.

తిరిగొచ్చేసరికి తొట్టి తోమి బోర్లించి ఉంది. చేపలు గట్టు మీద ఎండలో, ఈగల మధ్య పడున్నాయి.

"సారు పొద్దున్నే తీయించేశారమ్మా. కొత్త చేపపిల్లలకి తొట్టి కావాలంట. నే చెప్పా, వింటేగా!" అన్నాడు బాబాయి.

ప్రాణం పోయిన వెంటనే గ్రంథి కుళ్ళకుండా కాపాడే మందులో పడాలి, లేకపోతే ఎందుకూ కొరగాదు. ఆ సంగతి ఆవిడకు నేర్పింది పెద్దసారే. తెలిసీ చేశాడు, అదీ కడుపుమంట.

"ఒక్క పూట ఆగలేకపోయారా సార్?"

"గుడ్లు పెట్టని చేప గురించి ఎవరు చదువుతారమ్మా?" అన్నాడాయన, కాగితాల్లోంచి తల తిప్పకుండా.

అయినా ఆశ చావక ఒక తల కోసింది. గ్రంథి పటకారు కొసకు జావలా అంటుకుంది. మిగతా మూడూ అంతే.

అప్పుడే మొగుడు ఫోన్ చేశాడు. "డాక్టరేమందే?"

"ఏం లేదంది."

"నే చెప్పలా!" అన్నాడు, పందెం గెలిచినవాడిలా.