ఎర్లిందా మూడు కుండలు, నికనోరా మూడు కుండలు

చీకటితో లేచి, ఊరంతా తిరిగి, తస్కేన్యా మెట్రో బయటి అడ్డాలో మినీబస్సు ఆపేసరికి నా నడుము నాది కాదు. ఆ వేళకి ఎవరితోనూ మాట్లాడకుండా నాలుగు టాకోలు తిని మళ్లీ స్టీరింగ్ పట్టుకోవాలని ఉంటుంది. నా ఖర్మ, నేను తినేది అక్కచెల్లెళ్ల బండి దగ్గర. అక్కడ మాట్లాడకుండా తినడం కుదరదు. ఎందుకంటే వాళ్లిద్దరూ మాట్లాడుకోరు.

అక్క ఎర్లిందా పెనం ముందు నిలబడి టోర్టియాలనే మొక్కజొన్న రొట్టెలు కాలుస్తుంది. చెల్లెలు నికనోరా వాటిలో కాస్త అన్నం పరిచి, పైన కుండలోంచి కూర తీసి పెడితే టాకో. ఇద్దరి మధ్యా జానెడు దూరం. ఏదైనా చెప్పుకోవాల్సి వస్తే తినేవాళ్లలో ఒకణ్ణి పట్టుకుంటారు. ఎక్కువగా నన్నే.

"ఫిదెన్సియో, ఆవిడకి చెప్పు, టోర్టియాలు మాడుతున్నాయని."

"ఫిదెన్సియో, ఆవిడకి చెప్పు, నాకు కళ్లు బానే కనపడుతున్నాయని."

నోటినిండా ముద్ద పెట్టుకుని నేను ఇటు తిరిగి ఒకటి, అటు తిరిగి ఒకటి చెప్పేవాణ్ణి. కొత్తగా వచ్చినవాళ్లు నవ్వేవారు. మాకు నవ్వొచ్చే రోజులు ఎప్పుడో అయిపోయాయి.

ఆ బండి వాళ్లమ్మది. ఆవిడ పోయిన తొమ్మిదో రోజున ప్రార్థనలు ముగిశాక ఇద్దరూ వండి వచ్చినవాళ్లకి భోజనం పెట్టారు. ఎవరో ముసలాయన వేలు నాక్కుంటూ, "తల్లి చెయ్యి చిన్నదానికే వచ్చింది" అన్నాడట. ఆయనదేం పోయింది, తిన్నాడు, చేయి కడుక్కుని వెళ్లిపోయాడు. "అమ్మ పక్కన ముందునుంచీ నిలబడింది నేను. వస్తే నాకు రావాలి" అని పెద్దది. "నేనేమైనా అడిగి తెచ్చుకున్నానా" అని చిన్నది. ఆ రాత్రి ఆగిపోయిన మాటలు మళ్లీ మొదలుకాలేదు. అమ్మ వదిలిన చోటుని మాత్రం ఇద్దరిలో ఏ ఒక్కరూ వదల్లేదు. ఎవరింట్లో వాళ్లు మూడేసి కుండలు వండుకొచ్చి ఒకే బండి మీద పెట్టేవారు.

నిజం చెప్పాలంటే ముందు ఖాళీ అయ్యేవి నికనోరా కుండలే. పంది తోలు వేపుడుని పచ్చ టమాటాల పచ్చసాస్‌లో మెత్తగా ఉడికించి తెచ్చేది. దానికోసం రెండు స్టేషన్ల అవతలనుంచి కూడా జనం దిగేవారు. ఎర్లిందా బంగాళాదుంప కూర మీద మూత అలాగే ఉండేది. మొహమాటానికి నేను ఆవిడది ఒకటి అడిగేవాణ్ణి. ఆవిడ నా మొహంలోకి చూసేది కాదు. మిగిలిన కూరని పట్టుకుని సాయంత్రం ఒక్కతే ఇంటికి పోతుంటే చూసి, ఈ పంతం ఎవరి కడుపు నింపుతోందని విసుక్కునేవాణ్ణి.

ఒక సోమవారం నికనోరా నా బస్సు దగ్గరికి వచ్చి కిటికీ పట్టుకుని నిలబడింది. ఆ నాలుగడుగులకే ఆయాసపడుతోంది.

"శనివారంతో ఆఖరు. మోకాళ్లు అయిపోయాయి. పచూకాలో కూతురి దగ్గరికి పోతున్నాను."

"అక్కకి చెప్పారా?"

"నువ్వు చెప్పు."

"అమ్మా తల్లీ, ఇది కూడా నేనేనా?"

"చెప్పు నాయనా. నేను పోయేలోగా దాని నోటినుంచి నాతో ఒక్క మాట చాలు. తిట్టినా సరే. కానీ నావైపు చూసి తిట్టాలి." ఆవిడ కళ్లు తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు.

చెప్పాను. ఎర్లిందా టోర్టియా తిరగేసింది.

"ఆవిడకి చెప్పు, పోయేటప్పుడు తన గరిటెలు తీసుకుపొమ్మని."

నాకు ఒళ్లు మండింది. అయినా చెప్పాను. నికనోరా తలూపి, నా పళ్లెంలో ఇంకొంచెం కూర వేసింది.

వారమంతా అలాగే గడిచింది. స్టేషన్ ఊడ్చే లూపే బతిమాలి చూసింది. పేపర్లమ్మే అతను తిట్టి చూశాడు. పెద్దావిడ ఎవరికీ లొంగలేదు.

శనివారం జనం ఎగబడ్డారు. పంది తోలు కూర కుండ అడుగు గీరించుకుని మరీ తిన్నారు. నికనోరా ఏప్రన్ విప్పి మడిచింది. అందరూ ఆవిణ్ణి కౌగిలించుకున్నారు. లూపే ఉండబట్టలేక, "మరి సోమవారం పచ్చసాస్‌ది ఎవరు చేస్తారు?" అంది.

"నేను చేస్తాను. నాకు రాదా?" అంది ఎర్లిందా.

లూపే తల దించుకుని తినసాగింది. నికనోరా సంచులు చేతిలో పట్టుకుని కాసేపు నిలబడింది. దేనికోసమో మాకందరికీ తెలుసు. పెద్దావిడ పెనం వైపు నుంచి తల తిప్పలేదు. చివరికి నికనోరా మెట్రో మెట్ల వైపు నడిచింది, గోడ పట్టుకుంటూ.

"ఫిదెన్సియో," అంది ఎర్లిందా, "ఆవిడకి చెప్పు, మెట్లు జాగ్రత్త అని."

"చెప్పను."

ఆవిడ నావైపు తిరిగింది.

"చెప్పనండీ. పొద్దున్నించీ నడిపి నడిపి చచ్చిపోయి ఇక్కడికొస్తాను, నాలుగు మెతుకులు తిందామని. ఇన్నేళ్లూ మీ ఇద్దరి మాటలూ మోసి నా నోరు పడిపోయింది. ఆవిడ అదిగో, అక్కడుంది. మీకూ నోరుంది."

పెద్దవాళ్లతో నేనెప్పుడూ అలా మాట్లాడలేదు. ఆవిడ కొడుతుందనుకున్నాను. పెనం మీద టోర్టియా పొగలు కక్కుతోంది. ఆవిడకి పట్టలేదు.

"చప్పిడిముక్కూ!"

ఆ పేరు మేమెవ్వరం ఎప్పుడూ వినలేదు. నికనోరా రెయిలింగ్ పట్టుకుని ఆగిపోయింది. మోకాళ్లు సహకరించక మనిషి మొత్తంగా మెల్లగా ఇటు తిరిగింది.

ఎర్లిందా చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది.

"ఆ పచ్చ టమాటాలు... కాల్చి రుబ్బుతావా, ఉడకబెట్టి రుబ్బుతావా?"

అమ్మ చెయ్యి తనకే రావాలని ఇన్నేళ్లు పంతం పట్టిన మనిషి అందరి ముందూ అడిగిన మాట అది.

నికనోరా మొహం ముడుచుకుపోయింది. అలవాటుకొద్దీ నావైపే చూసింది. "ఫిదెన్సియో, ఆవిడకి చెప్పు..."

నేను పళ్లెంలోకి చూస్తూ ఉండిపోయాను.

ఆవిడ సంచులు కింద పెట్టి, అక్కని చూసింది.

"సగం కాల్చు, సగం ఉడకబెట్టు. కాల్చినవి మాత్రం అమ్మ నీచేతే రుబ్బించేది కదే అక్కా. నేను రుబ్బితే తిట్టేది."