‘బంతి పాలసీ’ సారు

మా బీమా ఏజెంటు సారు ఈ నెల మొదట్లో కర్నూలులో, తన ఇంట్లోనే కన్నుమూశారు. ఆయన గురించి ఇప్పుడే రాయడానికి కారణం ఉంది. చిన్న వ్యాపారాలకు గ్రూపు ఆరోగ్య బీమా ఎలా అమ్మాలో కొత్త ఏజెంట్లకు నేర్పే తరగతులు ఈమధ్య మా ఊళ్లోనూ జరుగుతున్నాయి. వాటిలో ప్రీమియం తగ్గింపుల గురించి చెబుతారు, మాట నేర్పు గురించి చెబుతారు. సారు పద్ధతి మాత్రం ఎవరూ చెప్పరు. దగ్గరుండి చూసినవాళ్లలో నేనొకణ్ణి కనుక, మరపు రాకముందే చెప్పాలి.

నాది బీమా కార్యాలయంలో క్లెయిములు పరిశీలించే ఉద్యోగం. గ్రూపు పాలసీ ఇచ్చేముందు పనివాళ్లు ఎలాంటి చోట పనిచేస్తున్నారో చూసి రమ్మని అప్పుడప్పుడూ నన్ను ఆయన వెంట పంపేవారు. అలా బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీలూ, కడపలో నూనె మిల్లులూ ఆయనతోపాటు తిరిగాను.

బోణీ కాకముందు ఆయన ఏ వ్యాపారి గడపా తొక్కేవారు కాదు. పొద్దున్నే జబ్బుల మాట ఎత్తితే మనసు చివుక్కుమంటుందని, ఎదురుగా టీ బంకు దగ్గర నిలబడి, మొదటి గిరాకీ వెళ్లాకే లోపలికి నడిచేవారు. లోపల కూడా రోగం అనే మాట వాడరు. ‘వొంట్లో బాగలేకుంటే’ అంటారు. పాలసీలో ఏది రాదో ముందు చెప్పి, ఏది వస్తుందో ఆ తర్వాత చెప్పేవారు. “రానిది ముందే చెప్తే, వచ్చేది నమ్ముతారప్పా” అనేవారు నాతో.

గ్రూపు అన్న మాటకు ఆయన వాడిన తెలుగు ‘బంతి’. పెళ్లి భోజనాల్లో వరుసగా ఆకులు వేసి కూర్చోబెట్టే బంతి. ఆ మాట ఎంత దూరం పోతుందో నేను బేతంచెర్ల దగ్గరి ఒక ఫ్యాక్టరీలో చూశాను.

ఆ ఫ్యాక్టరీ యజమానిని అందరూ శెట్టి అనే పిలిచేవారు. చాలాసార్లు తిరిగిన మీదట, పనివాళ్లకు పాలసీ తీసుకోవడానికి ఆయన ఒప్పుకున్నారు, ఒక్కరికి తప్ప. ఏళ్ల తరబడి పాలిష్ మిషను దగ్గర రాతిదుమ్ములో నిలబడి, విడవని దగ్గు పట్టుకున్న ముసలి మేస్త్రీ ఆ ఒక్కరు. మధ్యాహ్నం వేళ. గోడ అవతల నీడలో పనివాళ్లు సద్ది విప్పబోతున్నారు. ఇవతలి మాటలన్నీ వాళ్లకు వినిపిస్తూనే ఉన్నాయి.

“ఆ పెద్దాయన్ను ఇడిసిపెట్టప్పా. ఆయప్ప దగ్గు జూసి మీవోళ్లు రేటు పెంచుతారు” అన్నారు శెట్టి.

“పెంచుతారు శెట్టీ, దాయను. గానీ బంతిలో కూసున్నోన్ని లేపి మిగిలినోళ్లకు యాడన్నా వడ్డిస్తారా?”

“ఏమప్పా, నువ్వు బీమా అమ్మను వచ్చినావా, పెండ్లి చేయను వచ్చినావా?”

గోడ అవతల నవ్వులు. సారూ నవ్వారు. “రెండూ ఒగటే. రెండింట్లోనూ ఆకలితో లేసిపోయేటోడు ఉండగూడదు.”

“కొత్త కంపెనీ పిల్లోడు టై కట్టుకోని వచ్చినాడు. ముసలాయన లేకుండా తక్కువలో చేసిస్తానంటాండాడు.”

“చేయించుకో. ఆ పిల్లోడు మంచోడే. నాతో మాత్రం కాదు.”

మంచినీళ్లు అడిగి తాగి, సెలవు తీసుకున్నారు. తిరుగు బస్సులో నేను ఉండబట్టలేక, “ఇన్నాళ్ల తిరుగుడు వృథా అయింది కదా సార్” అన్నాను. ఆయన కిటికీలోంచి చూస్తూనే, “అయితే అయ్యిందిలేప్పా. రేపు ఆ మేస్త్రీ గేటుకాడ కనపడి ‘బాగుండావా సారూ’ అని అడిగితే, నేనేం జెప్పాల?” అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన మా ఆఫీసులో ఉండగా సెల్ మోగింది. అవతల శెట్టి గొంతు నాకూ వినిపించింది. “ఓ ఏజెంటప్పా, ఏం మాట జెప్పి పోయినావప్పా నువ్వు! ఆ ముసలాయన సద్ది ఇప్పకుండా దూరం పోయి కూసున్నాడు. ఆయప్ప తింటేగానీ మేం తినమని తక్కినోళ్లు. ఈడ అందురూ పస్తుండారు. వచ్చి అందర్నీ రాసుకోని పో!”

“వస్తా శెట్టీ. ముందు వాళ్లను తిననీ” అన్నారు సారు.

పాత జబ్బులకూ మొదటి రోజు నుంచే రక్షణ ఉండే షరతును, దానికయ్యే అదనపు ప్రీమియం దాచకుండా చెప్పి, ఆయన ఆ పాలసీలో వేయించారు. ఆ ఏడాదిలోనే మేస్త్రీకి ఊపిరాడక కర్నూలు ఆసుపత్రిలో చేర్చినప్పుడు, క్లెయిము నా బల్ల మీదికే వచ్చింది. ఆ షరతు లేకుంటే నేను కాదనక తప్పేది కాదు. మేస్త్రీ కోలుకున్నాక శెట్టి ఆయనను దుమ్ముకు దూరంగా గేటు దగ్గరి పనిలో పెట్టారు. వచ్చేపోయే లారీల వాళ్లు గేటులో ఆయన్ను చూశారు, సంగతి అడిగారు, పక్క ఫ్యాక్టరీల్లో చెప్పారు. “మాకూ ఆ బంతి పాలసీ కావాల” అని యజమానులు తామే కబురు పెట్టడం మొదలైంది. సారు ఖాతాదారులను సంపాదించుకున్న విధానం నాకు తెలిసినంతవరకు ఇంతే.

ఏజెంట్లు ఎవరి ఉద్యోగులూ కారు. అందువల్ల ఆయనకు ఏ గ్రూపులోనూ చోటు లేదు. “నీ పేరూ మా మనుషుల్లో కలిపేయప్పా, ఎవురికి తెలుస్తాది?” అన్నారొకసారి శెట్టి. “వడ్డించేటోడు ఆకు ముందర కూసుంటే చారు ఎవురు పోస్తారప్పా?” అని సారు నవ్వేశారు.

సారు దినం భోజనాలకు శెట్టి, పనివాళ్లు బేతంచెర్ల నుంచి వచ్చారు. మేస్త్రీని కూర్చోమని ఎంత చెప్పినా వినలేదు. “ఈ పొద్దు నేనే వడ్డిస్తా. ఎవురూ లేయగాకండి” అంటూ చారు గిన్నె పట్టుకుని, ఆకు ఆకుకూ ఆగి ఊపిరి కూడదీసుకుంటూ బంతి చివరిదాకా నడిచారు. అక్కడ శెట్టి, తన పక్కన ఇంకో ఆకు వేయించి, దాని మీద చెయ్యి ఆనించి, ఆయన కోసం కాచుకుని ఉన్నారు.

కొన్నాళ్లుగా ఛాతీలో మంట అంటూనే, గ్యాసులే అని సారు కొట్టిపారేసేవారని ఆయన భార్య చెప్పారు. సొంతానికి ఆయనకొక పాలసీ ఉంది. ఆసుపత్రిలో చేరి ఉంటే పనికొచ్చేదే. నిజంగా గ్యాసనే అనుకున్నారో, తన వంతు తర్వాతలే అనుకున్నారో మాకు తెలియదు.