పన్నెండు నెలలూ ఈడే

మా ఊళ్ళో ఏ అధికారి వచ్చి ఎవరిని గురించి అడిగినా జవాబు ఒక్కటే. ఆ మనిషి ఈడే ఉండాడు సార్, పన్నెండు నెలలూ ఈడే ఉంటాడు, ఈడే పని చేసుకుంటాడు. నిజానికి ఆ మనిషి బెంగుళూరులో ఇటుకలు మోస్తుంటాడు, ఊరి ముఖం చూసి చాలాకాలమై ఉంటుంది. అయినా మాట అదే. కదిరి చుట్టుపక్కల పల్లెల్లో వానల్లేని ఏళ్ళు బతికినవాళ్ళకు ఇది ఒకరు నేర్పాల్సిన పని లేదు. మనిషి ఊళ్ళో లేడని తెలిస్తే రేషన్ కార్డు కొట్టేస్తారు, పింఛను ఆపేస్తారు. అందుకని పసిపిల్లను అడిగినా, పండుముసలిని అడిగినా, ఇప్పుడే చేని కాడికి పోయినాడు సార్ అంటారు. దాన్ని మేం అబద్ధం అనుకోం. ఒకరి కడుపు ఒకరు కాచుకోవడం అనుకుంటాం. నేనూ ఎంతమంది కోసమో చెప్పాను. ఆ మాటే తిరిగొచ్చి నా బిడ్డ కాళ్ళ మీద పడుతుందని ఎవరనుకున్నారు?

నా కూతురు కాళ్ళు బిగబట్టుకునే పుట్టింది. మడమలు నేలకు ఆనేవి కావు. నిలబెడితే మునివేళ్ళ మీద లేచి, కాసేపు ఊగి, ముందుకు పడిపోయేది. తిరగని ఆసుపత్రి లేదు, మొక్కని దేవుడు లేడు. నరాలు పట్టేశాయి, రోజూ పాదం పట్టుకుని సాగదీయాలి, లేకపోతే పెరిగేకొద్దీ గట్టిపడి పిల్ల ఇక నడవదు అని డాక్టర్లు చెప్పారు, ఎట్లా సాగదీయాలో చూపించారు కూడా. ఇంటికొచ్చి నేను పట్టుకుంటే అది గుక్కపట్టి నీలంగా మారేది. నా చేతులు వాటంతటవే వదిలేసేవి. కన్నతల్లి చేయలేని పని అది, ఎవరేమన్నా అనుకోండి.

ఒక తెల్లామె నాకు కదిరి బస్సులో తగిలింది. మా జిల్లాలో ఒక ఆశ్రమం చూడడానికి వచ్చే విదేశీయుల్లో ఒకరు. అరవై దాటి ఉంటాయి. పొడుగు మనిషి, బక్కగా, ఎండకు ముక్కు మీద తోలు లేచిపోయి ఉంది. నా పక్కన కూర్చుని, అడగకుండా చెప్పకుండా నా ఒళ్ళో ఉన్న పిల్ల పాదం పట్టుకుని అటూ ఇటూ తిప్పసాగింది. నాకు ఒళ్ళు మండింది. ముక్కూ మొహం తెలియని దానివి, నా బిడ్డను ముట్టుకోవడానికి నువ్వెవరని బస్సంతా వినేట్లు దులిపేశాను. ఆమెకు ఒక్క ముక్క అర్థమైతేగా! నవ్వుతూనే ఉంది, తిప్పుతూనే ఉంది. పిల్ల ఏడవలేదు. అది చూసి నేను నోరు మూసుకున్నాను.

తన దేశంలో ఉద్యోగమంతా ఇట్లాంటి పిల్లల కాళ్ళూ చేతులూ సరిచేసి రిటైరైన నర్సు అని తర్వాత తెలిసింది. మర్నాడు ఆటో మాట్లాడుకుని మా ఊరికే వచ్చేసింది. వారం తిరక్కముందే మా వసారాలో మంచం వేసుకుంది. పిల్ల పట్టుకుని నడవడానికి మా ఆయన పాత ఎద్దులబండి నొగలు, ఆ పొడుగాటి కర్రలు రెండూ, ఊడదీసి, గుంజలు పాతి, వాటికి అడ్డంగా కట్టాడు. ఆమె ఒక్క పైసా తీసుకునేది కాదు, పైగా ఆశ్రమం సంగతే మరిచిపోయింది. నాకూ ఆమెకూ రోజూ జగడమే. పిల్ల ఏడిస్తే నేను పరిగెత్తేదాన్ని, ఆమె చెయ్యి అడ్డం పెట్టేది. సంగటి ముద్దను ఊరిబిండి పచ్చట్లో అద్దుకుని కారానికి కళ్ళనీళ్ళు పెట్టుకునేది, మళ్ళీ అడిగేది. తెలుగు నేర్చుకుంది గానీ అది మా అత్త దగ్గర నేర్చుకున్న తెలుగు. కోడిని తరిమే మాటలూ, కుక్కను అదిలించే మాటలూ ముందొచ్చాయి. మా పిల్ల ఆమెను జేజీ అని పిలిచేది. మా వైపు అవ్వను అట్లాగే అంటారు. సొంత జేజికి కొంచెం కడుపుమంటగానే ఉండేది.

ఆమెది టూరిస్టు వీసా. ఆరు నెలలు ఉండి, వాళ్ళ దేశానికి పోయి, కొద్ది వారాలకే మళ్ళీ కొత్త వీసాతో దిగేది. అట్లా కొన్నేళ్ళు జరిగింది. ఏటా పిల్ల మడమలు ఇంచుకింత కిందికి దిగేవి. ఆమె లేని ఆ కొద్ది వారాల్లోనే మళ్ళీ కొంచెం పైకి లేచేవి. అదీ నేను కళ్ళారా చూశాను. పిల్లకు ఏడేళ్ళు వచ్చేసరికి నొగలు వదిలి నాలుగడుగులు వేయగలిగింది. ఇంకో ఏడాది ఆపకుండా చేస్తే కర్ర కూడా అక్కర్లేదు, ఇప్పుడు ఆపితే మొదటికొస్తుంది అని ఆమె చేతులతో చేసి మరీ చూపించింది.

ఆ ఏడాది వచ్చినప్పుడు బెంగుళూరు విమానాశ్రయంలో పాస్‌పోర్టు చూసే అధికారి ఆమెను పక్కన నిలబెట్టాడట. ముద్రల మీద ముద్రలు పడ్డ పేజీలు తిప్పుతూ, చూడడానికి వచ్చే మనిషివి ఇన్నిసార్లు వచ్చి ఇన్నేసి నెలలు ఏం చూస్తున్నావు, ఎక్కడ ఉంటున్నావు, ఏం పని చేస్తున్నావు అని అడిగాడట. స్నేహితులున్నారని ఈమె మా ఊరి పేరు చెప్పింది. ఆయన రాసుకుని వదిలేశాడు. ఈ సంగతి ఆమె నవ్వుతూ చెప్పింది, మేమూ నవ్వాం. బెంగుళూరులో పెద్ద ఆఫీసరు మన ఊరి పేరు రాసుకున్నాడంట అని ఊళ్ళో కొన్నాళ్ళు గొప్పగా చెప్పుకున్నారు.

ఆమె మళ్ళీ వాళ్ళ దేశం పోయి ఉన్నప్పుడు విచారణ వచ్చింది. ఆ రోజు నేను పిల్ల మడమలు నిలబెట్టే బూట్లకు కొలతలివ్వడానికి అనంతపురం పోయి ఉన్నాను. సాయంత్రం బస్సు దిగేసరికి మా అత్త ఎదురొచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"మన తెల్లామె సంగతి అడగనీకి పోలీసాయన వచ్చినాడు. ఏమాత్రం తక్కువ చేసి చెప్పలేదులే. ఊరంతా ఒకటే మాట మీద నిలబడినాం" అంది.

ఆ ఒకటే మాట ఏమిటో చెప్పుకుంటూ పోయింది. మామూలు బట్టల్లో ఉన్న పోలీసాయనకు పాల డెయిరీ ముందర కుర్చీ వేశారు. ఆయమ్మ ఎన్నాళ్ళుంటుంది అని ఆయన అడిగితే, పన్నెండు నెలలూ ఈడే ఉంటాది సార్ అన్నారు. ఏం చేస్తుంది అంటే, వైద్యం చేస్తాది, పొద్దున్నుంచి మాపటిదాకా రెక్కలు ముక్కలు చేసుకుంటాది అన్నారు. చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలందరూ ఆమె దగ్గరికే వస్తారని కూడా కలిపారు. వచ్చింది మహా అయితే ఒకరిద్దరు. మా అత్త ఆయనకు మజ్జిగిచ్చి, ఇంట్లోకి పిలుచుకుపోయి, నొగలు చూపించి, ఇదే సార్ ఆమె ఆస్పత్రి అందట. ఊరి పెద్దాయన, మా అందరికీ పెదనాయన వరస, చివర్లో లేచి, ఆయమ్మ చూసిపోనీకి వచ్చిన మనిషి కాదు సార్, మా ఊరి మనిషి అని ముగించాడట. అందరి సంతకాలూ వేలిముద్రలూ తీసుకుని ఆయన సంతోషంగా పోయాడు. ఆమెకు కార్డు రాస్తారని కొందరు, ఇల్లే ఇస్తారేమోనని కొందరు అనుకుంటున్నారు.

నాకు ఆ బెంగుళూరు ఆఫీసరు అడిగిన ప్రశ్నలు గుర్తొచ్చాయి. పొద్దున్నే కదిరిలో ఒక వకీలు దగ్గరికి పోయి చెప్పాను. ఆయన నెత్తి కొట్టుకున్నాడు. టూరిస్టు వీసా మీద వచ్చినామె చూసి పోవాలి గానీ కాపురం ఉండకూడదు, పని చేయకూడదు. ఆ రెండూ చేస్తోందని ఊరంతా కలిసి వేలిముద్ర వేసి ఇచ్చారు. పగవాడు కూడా ఇంత పకడ్బందీగా రాసివ్వడమ్మా అన్నాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా ఊరి నోరు అంత మంచిది మరి.

అనంతపురంలో ఆ విచారణలు చూసే ఆఫీసుకు పోయాను. మా అత్త తానూ వస్తానని మొండికేసి వచ్చింది. బయట పొద్దుగూకేదాకా కూర్చుంటే లోపలికి పిలిచారు. మా అత్త చేతులు జోడించి, నేను చెప్పిందంతా అబద్ధం సార్, కొట్టేయండి అంది. నా జన్మలో ఆమె ఇంకో మనిషి ముందు అట్లా తల వంచగా నేను చూడలేదు. ఆ అధికారి చెడ్డవాడేం కాదు. మంచినీళ్ళు ఇప్పించాడు. నిదానంగానే చెప్పాడు.

"మీ ఒక్కరి మాట మీద కొట్టేయనీకి కాదమ్మా. ఊరంతా వచ్చి అబద్ధం చెప్పినామని చెప్పండి, రాసుకుంటా. అప్పుడు మీ ఊళ్ళో ఎవరు ఉండారు, ఎవరు లేరనేది అంతా మళ్ళా మొదట్నుంచి చూడాల్సొస్తాది. ఆలోచించుకోండి."

ఆలోచించుకోవడానికి ఏముంది? ఊరికొచ్చి ఇంటింటికీ తిరిగాను. మొన్న గొంతులు చించుకున్నవాళ్ళు ఒక్కరూ నోరు విప్పలేదు. పెదనాయన కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. ఏడుపు అయిపోయాక తిట్టాను. నా బిడ్డ కాళ్ళ కంటే మీ కార్డులు ఎక్కువైనాయా అని నోటికొచ్చినట్లల్లా అన్నాను. ఆయన అంతా విని కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"నీ బిడ్డ ఒక్కతే గాదు గదమ్మా. ఈ ఊళ్ళో ఎన్ని కడుపులుండాయో నీకు తెల్దా" అన్నాడు.

తెలుసు. ఆ కార్డు బియ్యంతోనే ఆ ఏడు సగం ఊరి పొయ్యిలు వెలిగాయి. ఆయన తప్పు మాట్లాడాడని ఈనాటికీ అనలేను. అనలేకపోవడమే నా మంట. పోట్లాడడానికి ఒక దుర్మార్గుడైనా ఉంటే బాగుండేది.

ఆమెకు ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాను. అప్పటికే వీసా వచ్చింది, టికెట్ కొనేసింది. రావద్దని చెప్పాలో, రమ్మని చెప్పాలో నాకే తెలియలేదు. మా ఊరి పేరు ఎత్తొద్దు, గుళ్ళూ గోపురాలూ చూడడానికి వచ్చానని చెప్పు అని ముక్కలు ముక్కలుగా అరిచాను. ఆమె సరే సరే అంది. ఆ సరే విని నాకు ధైర్యం రాలేదు. మా అత్త ఆమెకు తిట్లన్నీ నేర్పింది గానీ అబద్ధం చెప్పడం మాత్రం నేర్పలేకపోయింది.

ఆమె దిగే రోజు మా ఆయన పోవద్దన్నాడు. మనం అక్కడ కనబడితే ఆమెకే చెరుపు అన్నాడు. నిజమే. కానీ లోపల ఏమవుతోందో తెలియకుండా ఇంట్లో కూర్చునే గుండె నాకు లేదు. జేజి వస్తోందని పిల్ల కొత్త బూట్లు వేయించుకుని సిద్ధంగా కూర్చుంది. దాన్ని చంకనెత్తుకుని బెంగుళూరు బస్సెక్కాను. విమానం దిగినవాళ్ళందరూ పెట్టెలు తోసుకుంటూ వచ్చేశారు. ఆమె రాలేదు. ఎండ నడినెత్తికి వచ్చాక ఒక పోలీసు బయటికొచ్చి మా ఊరి పేరు చెప్పి, ఎవరైనా ఉన్నారా అని కేక వేశాడు. నీ కోసం ఎవరొచ్చారని అడిగితే ఆమె నిజం చెప్పేసి ఉంటుంది.

ఒక చిన్న గదిలోకి తీసుకుపోయారు. బల్లకు అటుపక్క అధికారి, ఇటుపక్క ఆమె, జుట్టు చెదిరిపోయి, సంచి ఒళ్ళో పెట్టుకుని. మమ్మల్ని చూసి లేవబోయింది, కూర్చోమన్నారు. ఆ అధికారికి తెలుగు వచ్చు. నన్ను చూసి సూటిగా అడిగాడు.

"ఈమె మీకేమవుతారమ్మా?"

ఏం చెబితే ఆమెను వదులుతారో అదే చెప్పాలి. ఆ ఒక్కటే నా బుర్రలో ఉంది.

"మాకు ఏమీ కాదు సార్. ఊరు చూసిపోనీకి వచ్చింది, అంతే. ఆమె ఎవరో కూడా మాకు తెల్దు" అన్నాను.

ఆమె ముఖం నేను చూడలేదు. చూస్తే మాట తడబడుతుందని బల్ల వంకే చూస్తూ చెప్పాను. నా చంకలో పిల్ల మాత్రం జేజీ, జేజీ అని రెండు చేతులూ చాచి ముందుకు వంగుతోంది. అధికారి దాన్నీ, దాని బూట్లనూ చూశాడు. కసరలేదు.

"ఏమీ కాని మనిషి కోసం నడవలేని బిడ్డను ఎత్తుకోని ఇంత దూరం వచ్చినావా తల్లీ?" అన్నాడు.

నేను పిల్లను ఇంకో చంకకు మార్చుకున్నాను. ఆయన తన ముందున్న కాగితాల మీద చెయ్యి వేసి, వచ్చిన విమానంలోనే తిరిగి పంపించేస్తున్నామని చెప్పాడు. కాళ్ళు పట్టుకుంటానన్నాను. నా చేతుల్లో ఏమీ లేదమ్మా అన్నాడు. నా బిడ్డకు ఇంకొక్క ఏడాది చాలు సార్ అన్నాను. ఆ మాటతో నేను అంతకు ముందు చెప్పింది నేనే చెరిపేసుకున్నానని కూడా నాకు అప్పుడు తోచలేదు.

తీసుకుపోయేముందు ఆమె పిల్ల దగ్గరికి వచ్చింది. ఎవరూ అడ్డుపడలేదు. వంగి, బూటు విప్పి, మడమను అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో నొక్కింది, ఎప్పుడూ నొక్కినట్లే. ఆ తర్వాత నా వైపు చూసి, "రోజూ. ఏడ్చినా, రోజూ" అంది. అంతే, పోయింది. నేనన్న మాట ఎందుకన్నానో ఆమెకు అర్థమైందో లేదో అడిగే వ్యవధి లేదు. ఆమెకు మళ్ళీ వీసా ఇవ్వలేదు.

తిరుగు బస్సులో పిల్ల నా ముఖం చూడలేదు. కిటికీ చువ్వ పట్టుకుని అటే తిరిగి కూర్చుంది. జేజి మళ్ళీ వస్తుందిలే అంటే చువ్వకు నుదురు ఆనించుకుంది. బన్ను కొనిస్తే ముట్టలేదు.

తెల్లవారి దాన్ని మంచం మీద పడుకోబెట్టి పాదం చేతిలోకి తీసుకున్నాను. మడమ పైకి బిగుసుకుని ఉంది. నొక్కాను. గుక్కపట్టింది. మా అత్త చూడలేక వీధిలోకి పోయింది. నా చేతులు వదిలేయమంటున్నాయి, పళ్ళు బిగబట్టి ఇంకొంచెం నొక్కాను. పిల్ల ఉన్నట్టుండి ఏడుపు ఆపేసి, బెంగుళూరు నుంచి వచ్చాక మొదటిసారి నా కళ్ళల్లోకి చూసింది.

"నువ్వు నాకు ఏమీ కావు. నువ్వెవరో నాకు తెల్దు" అంది.

నేను ఆ పాదాన్ని నొక్కుతూనే ఉన్నాను.